త్రినాథరావు బండి దీపం

పగ పట్టిన మనిషికి ఓపిక ఉండాలంటారు. నూకరాజుకి ఓపిక వృత్తిలోనే వచ్చింది. బండిలో తెగిన వైరు ఎక్కడుందో తెలియాలంటే కింద పడుకుని, ఒక్కో జాయింటూ తడుముకుంటూ పోవాలి. తొందరపడితే దొరకదు. విసుక్కుంటే ఇంకో వైరు తెగుతుంది.

బిలాస్‌పూర్‌లో రైలు పట్టాలకి అవతల, సిర్గిట్టి వైపు మెకానిక్కుల వీధి ఒకటి ఉంది. అందులో బళ్ళకి కరెంటు పని చేసేవాడు నూకరాజు. తాత విజయనగరం నుంచి రైల్వే గ్యాంగులో పనికి వచ్చాడు. తండ్రి లోకో షెడ్డులో చేసి రిటైరయ్యాడు. నూకరాజు దాకా వచ్చేసరికి రైల్వే తలుపులు మూసుకున్నాయి. లారీలకీ జీపులకీ వైరింగు చేసుకుంటూనే యాభై దాటేశాడు.

అతని పగ త్రినాథరావు మీద. పరాయివాడు కాడు. పెళ్ళాం అప్పలనర్సమ్మకి స్వయానా పెదనాన్న కొడుకు, నూకరాజుకి బావ. స్టేషన్ పక్కన అంబులెన్సు స్టాండు పెట్టుకున్నాడు. మెకానిక్కుల వీధిలో విశ్వకర్మ పూజ కమిటీకి అధ్యక్షుడు కూడా అతనే. తెల్ల చొక్కా, జేబులో రెండు సెల్‌ఫోన్లు, ఎవరింట పెళ్ళైనా ముందు కుర్చీ.

కిందటేడు త్రినాథరావు ఊళ్ళోనే మంగ్లా పేటలో ఇల్లు కట్టి గృహప్రవేశం చేశాడు. ఆ ఫంక్షన్‌కి బయల్దేరుదామని చీర కట్టుకుంటూనే అప్పలనర్సమ్మ గోడకి జారి కూలబడిపోయింది. మూతి ఓ పక్కకి లాగేసింది. నూకరాజు గబగబా అంబులెన్సు స్టాండుకి ఫోన్ చేశాడు, వెంటనే త్రినాథరావు సెల్‌కీ చేశాడు. "బండి బయల్దేరిపోనాది బావా, నువ్వు కంగారుపడకు, కదపకు" అన్నాడు త్రినాథరావు. నూకరాజు కదపలేదు. పెళ్ళాం తల ఒళ్ళో పెట్టుకుని, సైరన్ కోసం చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఏ ఆటోలోనో వేసుకుని పోతే పోయేది. కానీ బండి వస్తోందని చెప్పింది సొంత బావ కదా. పరాయివాడైతే నమ్మేవాడు కాదు.

బండి వచ్చేసరికి పొద్దు వాలింది. కాస్త ముందు తెచ్చుంటే బాగుండేదన్నాడు డాక్టరు. అప్పలనర్సమ్మకి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది.

బండి పైవంతెన దగ్గర జామ్‌లో ఇరుక్కుపోయిందని మొదట చెప్పాడు త్రినాథరావు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నాలుగు రోజులు పోయాక ఇంకో మాట బయల్దేరింది. ఆ రోజు నూకరాజు తాగి పడుకున్నాడనీ, లేచి చూసుకుని ఫోన్ చేసేసరికే ఆలస్యమైపోయిందనీ. నూకరాజు మందు మానేసి చాలా ఏళ్ళైంది. కానీ ఒకప్పుడు తాగేవాడు. ఒకప్పుడు తాగినవాడు ఏ రోజు తాగాడన్నా జనం నమ్మేస్తారు.

అందరికంటే గట్టిగా నమ్మింది అప్పలనర్సమ్మ అప్ప మంగాయమ్మ. ఆవిడ దయాల్‌బంద్‌లో ఉంటుంది. వారం వారం చెల్లెలికి ఇష్టమైన కూర వండి తెస్తుంది, కానీ మరిదితో మాట్లాడదు. క్యారియర్ వాకిట్లో పెట్టి, చెల్లెలి పక్కన కూర్చుని, గోడకి చెప్పినట్టు చెబుతుంది. "దసరా ఎల్లనీ నర్సీ. నిన్ను మా ఇంటికి తీసుకుపోతాను. ఇక్కడ నిన్నెవులు సూస్తారు? పడిపోయినప్పుడే సూడనోళ్ళు ఇప్పుడు సూస్తారేటి?"

అప్పలనర్సమ్మ తల అడ్డంగా ఊపేది. మాట వచ్చేది కాదు. మంగాయమ్మ అది ఏడుపనుకుని కళ్ళు తుడిచేది.

బండి జామ్‌లో లేదని నూకరాజుకి చెప్పింది ఆ బండి డ్రైవరే. పేరు బుధ్‌రామ్, ఇక్కడి ఛత్తీస్‌గఢీ మనిషి. తెలుగువాళ్ళ దగ్గర పనిచేసి పనిచేసి మన మాట నేర్చుకున్నాడు. ఓ రోజు టీ కొట్టు దగ్గర గ్లాసు కింద పెట్టి, "నూకరాజు బాబూ, మనసులో ఉంచుకోలేను. ఆ రోజు బండిలో మా మాలిక్ త్రినాథరావు అత్తారింటి వాళ్ళు ఉన్నారు. స్టేషన్‌లో ఎక్కించి, మంగ్లాలో దింపాను. లైటు వేసుకుని పొమ్మన్నాడు, జామ్ తగలకుండా" అన్నాడు. ఆ మాటే నలుగురిలో చెప్పమంటే చేతులు జోడించాడు. పిల్లలున్నారు, ఉద్యోగం పోతుందన్నాడు. నూకరాజు బలవంతం చెయ్యలేదు. కానీ ఆ రోజు నుంచి అన్నం సహించలేదు.

*

ఈ ఏడు విశ్వకర్మ పూజకి ముందు రోజు పొద్దున్నే త్రినాథరావు అంబులెన్సు వచ్చి నూకరాజు షెడ్డు ముందే ఆగింది. త్రినాథరావు ముందు సీట్లోంచి దిగి, బండి పైకి చూపించాడు. పాత ఎర్ర దీపం లేదు. మోటారుతో గిరగిరా తిరిగే ఆ బుంగ స్థానంలో, పొడుగాటి కొత్త లైటు బిగించి ఉంది. సగం ఎరుపు, సగం నీలం.

"ఎల్‌ఈడీ బావా. ఢిల్లీ నుంచి పార్సిల్లో తెప్పించినాను. మనోళ్ళల్లో నాకే మొదట. ఆ మూల షెడ్డోడు బిగించినాడు గాని మెరవదే. తిన్నగా ఎలుగుతూ కూకుంటాది, హోటలు బోర్డు లాగ."

నూకరాజు డాష్‌బోర్డు కిందకి తల పెట్టి చూశాడు. వెంటనే అర్థమైంది. "ఇండికేటర్ల ఫ్లాషర్‌కి కలిపేసినాడు. అది వేడెక్కితేనే కొట్టుకుంటాది బావా. పెద్ద బల్బు తాగే కరెంటుకి వేడెక్కుతాది గాని, ఈ దీపాలు తాగింది దాని నాలిక్కి కూడా అంటదు. దీనికి వేరే డబ్బా ఉంటాది."

"డబ్బా అదిగో, అట్టపెట్టెలోనే ఉంది. ఏదో ఎక్స్‌ట్రా ఇచ్చినారనుకున్నాడు ఎదవ." త్రినాథరావు నవ్వాడు. "రేపు పూజలో మొదటి బండి మనదే. పట్టపగలు కూడా కళ్ళు చెదిరిపోవాల. నాను ఎక్కడ దిగినా త్రినాథరావు వొచ్చినాడని తెలిసిపోవాల."

"తెలుస్తాది."

"సెల్లి ఎలగుంది?"

"ఉంది."

"ఏటి చేస్తాం సెప్పు. టైముకి ఫోన్ చేసుంటే..." అని నిట్టూర్చి త్రినాథరావు నూకరాజు భుజం తట్టాడు. "అయిందేదో అయిపోనాది. నీ మీద నాకేటీ నేదు బావా."

నూకరాజు చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. ఒక్క క్షణం దానివైపు చూసుకున్నాడు. ఎదుటివాడి మొహంలో దొంగచూపు ఏమైనా కనిపిస్తుందేమోనని వెతికాడు. లేదు. చెప్పి చెప్పి అబద్ధం త్రినాథరావుకే నిజమైపోయింది. కడుపులో మంటకి అదే అగ్గిపుల్ల.

"సాయంత్రానికి అయిపోతాది" అన్నాడు నూకరాజు.

మధ్యాహ్నం అన్నానికి బుధవారీ బజారు వెనక ఇంటికి వెళ్ళాడు. భార్యకి ముద్దలు కలిపి పెట్టి, మూతి తుడిచి, రోజూలాగే రబ్బరు బంతి ఆమె కుడి అరచేతిలో పెట్టాడు. డాక్టరు చెప్పిన కసరత్తు. బంతి నొక్కాలి, చెయ్యి పైకెత్తాలి. ఆమె పళ్ళు బిగపట్టి ఎత్తేది. చెమటలు పట్టేవి. చెయ్యి కిందకి వాలిపోగానే నూకరాజు "ఇంకోపాలి" అనేవాడు. ఆమె మళ్ళీ ఎత్తేది. "ఇంకోపాలి." ఏడాదిగా ఆ ఇంట్లో ఎక్కువసార్లు వినబడిన మాట అదే.

బంతి పక్కన పెట్టి చెప్పాడు. "మీ అన్న బండి నా చేతికొచ్చింది నర్సీ. దీపం బిగించమన్నాడు."

ఆమె కళ్ళు అతని మీద నిలిచాయి.

"ఒక్క వైరు సగం తెంపి, టేపు చుట్టేస్తే సాలు. నాలుగు గతుకులు తగిలేసరికి ఊడిపోతాది. అప్పుడు జామ్‌లో ఇరుక్కోనీ, సుట్టాలతో సహా. జామ్ అంటే ఏటో తెలుస్తాది."

"ఒద్దు" అంది అప్పలనర్సమ్మ. ఈమధ్య ఒక్కో మాటా తిరిగి వస్తోంది, నూతిలోంచి చేదతో తోడుకున్నట్టు.

"ఏం? అన్న మీద మమకారమా?"

ఎడమ చేత్తో కంచం మీద ఒక్కటిచ్చింది. గ్లాసు దొర్లిపోయింది. గొంతు పెగల్చుకుని అంది. "లోపల... నాలాంటిది... ఉంటాది."

నూకరాజు తల దించేసుకున్నాడు. నిజమే. బండిలో ఎప్పుడూ త్రినాథరావు చుట్టాలే ఉండరు. ఎవరి పెళ్ళామో, ఎవరి తల్లో ఉంటుంది. దీపం ఆరిపోతే ఆవిడకీ ఇదే గతి.

"మరి వాణ్ణి ఒగ్గెయ్యమంటావా?"

"ఆర్పకు." ఆమె ఎడమ చేత్తో అతని మణికట్టు పట్టుకుంది. పట్టు ఇనపముక్కలా ఉంది. "ఎలిగించు. అందరూ... సూడాల."

ఏడాదిగా ఆమె ఏడుస్తూ కూర్చుందనుకున్నాడు నూకరాజు. ఏడవలేదు. కత్తి నూరుకుంటూ కూర్చుంది.

*

షెడ్డుకి తిరిగొచ్చి పని మొదలుపెట్టాడు. ముందు దీపం పని పద్ధతిగా చేశాడు. అందులో వంక పెట్టడానికి లేదు. కొత్త డబ్బా కలిపి, ఎర్త్ గీకి శుభ్రం చేసి గట్టిగా బిగించాడు. డబ్బాలో రకరకాల మెరుపులున్నాయి. అన్నింటిలోకీ కోపిష్టిదాన్ని ఎంచుకున్నాడు. ఎరుపు టకటకా కొట్టి, నీలం టకటకా కొట్టి, ఆ తర్వాత రెండూ కలిసి మొహం మీద చరిచినట్టు మెరుస్తుంది.

తర్వాత అలమరలోంచి ఓ చిన్న బటన్ తీశాడు. కార్లలో తలుపు అంచున ఉంటుంది చూశారా, అది. తలుపు మూస్తే నొక్కుకుని ఉంటుంది. తెరిస్తే స్ప్రింగుతో బయటికొచ్చి లోపలి దీపం వెలిగిస్తుంది. ఆ బటన్ తీసుకెళ్ళి అంబులెన్సు నేల మీద, స్ట్రెచర్ తగిలించే కొక్కెం కింద బిగించాడు. అక్కణ్ణుంచి ఒక వైరు రిలే అనే చిన్న స్విచ్చి డబ్బాకి, రిలే నుంచి బ్యాటరీకి. తాళంతో సంబంధం లేదు, డ్రైవర్ ముందుండే స్విచ్చితో సంబంధం లేదు. ఫ్యూజు తీసుకెళ్ళి బండి పైన లైటు లోపలే పెట్టి, వాన నీళ్ళు దిగకుండా చుట్టూ గమ్ము పూసేశాడు. అది ఆరిందంటే పానా, ఉలి లేకుండా ఊడదు.

బుధ్‌రామ్ పక్కన గొంతుక్కూర్చుని ఖైనీ నలుపుకుంటూ చూస్తున్నాడు. "ఏంటి బాబూ ఇది?"

"స్ట్రెచర్ కొక్కేనికి తగిలి ఉంటే దీపం నీ స్విచ్చి మాట వింటాది."

"స్ట్రెచర్ లేకపోతే?"

"ఎవరి మాటా వినదు. ఎలుగుతూనే ఉంటాది."

బుధ్‌రామ్ చేతులాగిపోయాయి. ఖైనీ నోట్లో వేసుకోవడం మర్చిపోయాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "రేపు పొద్దున్న రైలుకి మాలిక్ ఇంటి మేడమ్ అక్కావాళ్ళు దిగుతున్నారు. స్ట్రెచర్ స్టాండులో దింపెయ్యమన్నాడు మాలిక్. నలుగురూ కూర్చోవాలి కదా అని."

"నువ్వు నీ డ్యూటీ చెయ్యి బుధ్‌రామ్. నాకేటీ సెప్పనక్కర్నేదు."

"సమఝ్ గయా" అన్నాడు బుధ్‌రామ్, అర్థమైందన్నట్టు తల ఊపి.

సాయంత్రం త్రినాథరావు వచ్చి స్విచ్చి నొక్కి చూసుకున్నాడు. వీధి గోడలన్నీ ఎర్రగా, నీలంగా ఉలిక్కిపడ్డాయి. పక్కన రేడియేటర్ల పని చేసే కనకం కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఓలమ్మ, పిడుగేటి?" అన్నాడు. త్రినాథరావు మొహం వెలిగిపోయింది.

ఇక్కడ నూకరాజు ఒక పని చేశాడు. దాన్ని మంచితనమనాలో, ఇంకేమనాలో మీరే చెప్పండి. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. "బావా, ఓ మాట. స్ట్రెచర్ దింపితే దీపం దానంతటదే ఎలుగుతాది. పేషెంటుని ఎక్కించేటప్పుడు ఎనకనుంచి ఎవడూ గుద్దకుండా. స్ట్రెచర్ మళ్ళీ తగిలించేదాకా ఆరదు."

త్రినాథరావుకి ఒక సెల్‌లో షామియానావాడు, రెండో సెల్‌లో లడ్డూలవాడు. "అచ్ఛా అచ్ఛా, బాగుంది బాగుంది" అని తల ఊపి బండెక్కాడు.

ఆ తర్వాత నూకరాజు, వీధిలో అందరిలాగే, పనిముట్లన్నీ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, బొట్లు పెట్టి షామియానాలో విశ్వకర్మ బొమ్మ ముందు పెట్టేశాడు. రేపు విగ్రహం నిమజ్జనమయ్యి, ఎల్లుండి తెల్లారేదాకా ఆ వీధిలో ఎవడూ పానా ముట్టుకోడు. అది ఆనవాయితీ. లారీ నడిరోడ్డు మీద ఆగిపోయినా సరే, స్క్రూ ఒక్కటి వదులైనా సరే. పనిముట్టుకీ ఏడాదిలో ఒక రోజు సెలవు.

*

మర్నాడు మబ్బు పట్టింది. వాన లేదు. మెకానిక్కుల వీధి పొడుగునా కడిగిన బళ్ళు ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి, కొబ్బరికాయలకీ నిమ్మకాయలకీ ఎదురుచూస్తూ. అన్నింటికంటే ముందు, షామియానా ఎదురుగా, ఒక బండి పట్టేంత చోటు త్రినాథరావు కోసం ఖాళీగా ఉంచారు. నూకరాజు భార్యని ఆటోలో తీసుకొచ్చి ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాడు. మంగాయమ్మ ఏటా వచ్చినట్టే వచ్చింది. మరిదిని చూడనట్టు నడిచి, చెల్లెలి పక్కన కూర్చుని, కొంగుతో విసరడం మొదలుపెట్టింది.

అంబులెన్సు వచ్చింది. దీపం ఎరుపు, నీలం, రెండూ కలిసి. జనం లేచి నిలబడ్డారు. ముందు సీట్లోంచి త్రినాథరావు దిగాడు. వెనక తలుపు తెరుచుకుంది. పట్టుచీరలో అతని భార్య ఉషారాణి, ఆవిడ అక్క, బావ, వాళ్ళ ఇద్దరు పిల్లలు, మిఠాయి బుట్టలు ఒక్కొక్కటిగా దిగాయి.

త్రినాథరావు దీపం వైపు గర్వంగా చూసి, డ్రైవర్ కావాలనే ఉంచాడనుకుని, మైకు అందుకున్నాడు. "భాయియో, మన తెలుగు బిడ్డలారా. ఈయేల విశ్వకర్మ బాబా రోజు. ఈయేల పనిముట్టు ముట్టుకున్నోడికి వీధిలో చోటు నేదు. కిందటిపాలి ఒకడు ఆశపడి లారీ కింద దూరినాడు, ఏటయ్యిందో మీకు తెలుసు, చెయ్యి విరిగింది. నాను అధ్యక్షుడిగా సెప్తన్నాను. కొడుకైనా, బావమరిదైనా, ఈయేల పానా పట్టడానికి నేదు." చప్పట్లు కొట్టారు. కమిటీవాళ్ళు అతని భుజాల మీద జరీ శాలువా కప్పారు.

హారతయ్యింది. కొబ్బరికాయలు కొట్టారు. అంబులెన్సు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. దీపం మెరుస్తూనే ఉంది.

"ఇక ఆపు" అన్నాడు త్రినాథరావు డ్రైవర్‌తో.

బుధ్‌రామ్ స్విచ్చి వేశాడు, తీశాడు. తాళం తీసి చేతిలో పట్టుకుని చూపించాడు. "ఆగట్లేదు మాలిక్."

"ఆగకపోడమేటి? బండి తీసి ఇంటికి పట్టుకుపో."

"ఎలా పోను మాలిక్? వెనక వీధంతా బళ్ళే. ముందు దేవుడు."

నిజంగానే ముందు దేవుడున్నాడు. మబ్బు చీకట్లో ఆ మెరుపు విశ్వకర్మ మొహం మీద, ఆయన ఎక్కిన ఏనుగు మీద పడుతోంది. పూజారి మంత్రం తప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. ఉషారాణి అక్క పిల్లలు మొహాలు కప్పుకున్నారు. త్రినాథరావు కాసేపు అటూ ఇటూ చూసి, భుజం మీది శాలువా తీసి బుధ్‌రామ్ చేతికిచ్చి పైన కప్పించాడు. కొత్త జరీ శాలువా. దాని లోపల్నుంచి ఎరుపు, నీలం కొట్టుకుంటూ అది ఇంకా బాగా కనిపించింది.

"సన్మానం దీపానికి చేసినట్టుంది" అన్నాడు కనకం. వెనక వరసలో నవ్వు పుట్టింది. పుట్టిన నవ్వు వరస వరసా ముందుకొచ్చింది.

త్రినాథరావు నూకరాజు దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించి, "బావా, రా. ఓ వైరు కట్ చేసెయ్" అన్నాడు.

"పానా ముట్టుకోకూడదు కదా బావా. నువ్వే సెప్పినావు. బావమరిదైనా అని."

"ఏటీ పరాచికం? నువ్వేదో చేసినావు దీనికి."

"చేసింది నిన్ననే నీకు సెప్పినాను. స్ట్రెచర్ దింపితే ఎలుగుతాది, తగిలిస్తే ఆరుతాది. అచ్ఛా అన్నావు." నూకరాజు గొంతు తగ్గించలేదు. ఆ మాట వెనక వరస దాకా వెళ్ళింది. "స్ట్రెచరేది బావా?"

ఎవరూ నవ్వలేదు. అందరి తలలూ ఒకేసారి అంబులెన్సు తెరిచిన వెనక తలుపు వైపు తిరిగాయి. లోపల ఒక పక్క బల్ల. రెండో పక్క స్ట్రెచర్ ఉండాల్సిన చోట మిఠాయి బుట్టల ఆకులు, పిల్లల చెప్పులు.

త్రినాథరావు ఎవరికో సెల్‌లో అరిచాడు, స్టాండులో ఉన్న స్ట్రెచర్ ఏదో ఒక రిక్షా మీద వేసి బేగి పంపించమని. ఈలోగా ఉషారాణి, ఉక్కకీ అవమానానికీ విసిగిపోయి, అక్కని సముదాయిస్తూ గట్టిగానే అంది. "ఉండవే, వస్తంది. ఈయనకి ఎప్పుడూ ఇదే. ఆ బల్ల మీద కుదిపి కుదిపి సంపుతారు. మంగ్లా గృహప్రవేశానికీ ఇలగే కదా మిమ్మల్ని తెచ్చింది. అప్పుడే నీ నడుం పట్టేసింది."

మంగాయమ్మ చేతిలో విసురుతున్న కొంగు ఆగింది.

"ఏటన్నావు ఉషా? గృహప్రవేశం రోజా?"

"ఆ. స్టేషన్ నుంచి. జామ్ ఉంటాదని లైటేసుకుని..." ఉషారాణి మొగుడి మొహం చూసి ఆగిపోయింది. కానీ చెప్పాల్సింది అప్పటికే చెప్పేసింది.

మంగాయమ్మ లేచింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, కుర్చీ పట్టుకోకుండా లేచింది. "త్రినాథా. ఆ రోజు నాను నీ ఇంట్లో పంక్తిలో కూకున్నాను. నువ్వే నా ఆకులో బూరెలు వడ్డించినావు. నర్సి పడిపోయిందని కబురొస్తే, చేతిలో పళ్ళెం కింద పెట్టకుండా నువ్వేటన్నావు? బండి జామ్‌లో ఉంది అప్పా అన్నావు. ఏ జామ్? నీ వాకిట్లో జామా?"

"అప్పా, పూజలో..."

"ఉండు." ఆవిడ నూకరాజు వైపు తిరిగింది. ఏడాది తర్వాత మొదటిసారి అతని మొహంలోకి చూసింది. "మరిదీ, నువ్వు ఫోన్ ఎప్పుడు చేసినావు?"

"పడిపోయిన ఎంటనే వదినా."

"అబద్ధం" అన్నాడు త్రినాథరావు. "తాగి..."

"వెంటనే" అన్నాడు బుధ్‌రామ్. ఖైనీ ఉమ్మి వచ్చి మరీ అన్నాడు. "స్టాండులో ఫోన్ ఎత్తింది నేనే అమ్మా. మాలిక్‌కి చెప్పాను. ముందు చుట్టాల్ని ఎక్కించుకో, దింపాక అక్కడికి పో అన్నాడు." తాళం చెవి తీసి బండి ముందు మూత మీద పెట్టేశాడు. ఉద్యోగం కూడా దానితో పాటే అక్కడ పెట్టేసినట్టు.

మెరుపు త్రినాథరావు మొహాన్ని ఎర్రగా చేసింది, నీలంగా చేసింది.  ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా అతను అన్నాడు. "అంత పెద్ద జబ్బని నాకేటి తెలుసు? ఆడోళ్ళు, ఏదో కళ్ళు తిరిగుంటాయి అనుకున్నాను."

నూకరాజు ఏడాదిగా వినాలనుకున్న మాట అదే. విన్నాక గుండె చల్లబడుతుందనుకున్నాడు. చల్లబడలేదు. ఇంకా వినాలనిపించింది.

మంగాయమ్మ మాత్రం మళ్ళీ కూర్చుంది. చెల్లెలి పడిపోయిన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "దసరాకి నువ్వెక్కడికీ రానక్కర్నేదు నర్సీ. నానే మీ ఇంటికొస్తాను. మరిదీ, ఆ క్యారియర్ వాకిట్లో పెట్టను ఇంక. తిన్నావో నేదో సూస్తాను."

నూకరాజు తల ఊపాడు. 

అప్పుడు వచ్చింది స్ట్రెచర్, సామాన్లు లాగే తోపుడు రిక్షా మీద, తెల్ల దుప్పటితో సహా. ఎవరో పోయారనుకుని జనం దారిచ్చారు. రిక్షావాడు దాన్ని దింపి, నుదురు తుడుచుకుని పోయాడు.

"పట్టండ్రా" అన్నాడు త్రినాథరావు.

ఎవరూ కదల్లేదు. కనకం రెండు చేతులూ చూపించాడు. "ఈయేల మా చేతులకి సెలవు బాబూ." బుధ్‌రామ్ షామియానా గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. ఉషారాణి బావగారు పంచె సర్దుకుంటూ మిఠాయి బుట్టల వెనక్కి వెళ్ళిపోయాడు.

త్రినాథరావు తానే వంగాడు. తెల్ల చొక్కా నడుం దగ్గర పైకి లేచిపోయింది. జేబులోంచి సెల్‌ఫోన్ జారి బురదలో పడింది. స్ట్రెచర్ని ఈడ్చి, ఒక కొస ఎత్తి, లోపలికి తోసి, తానూ లోపలికెక్కి కొక్కెం తగిలించాడు. టక్కుమంది. దీపం ఆరిపోయింది.

వీధి ఒక్కసారిగా మామూలు వీధైపోయింది. మబ్బు, అగరుబత్తి వాసన, బళ్ళ వరస. త్రినాథరావు రొప్పుతూ కిందకి దిగి, ఎవరినీ చూడకుండా రుమాలు కోసం జేబు తడుముకున్నాడు. అయిపోయిందనుకున్నాడు. అందరూ అలాగే అనుకున్నారు. నూకరాజు కూడా.

"ఇంకోపాలి."

ముందు ఎవరన్నారో ఎవరికీ తెలియలేదు. నూకరాజుకి తెలిసింది. తిరిగి చూశాడు. అప్పలనర్సమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. వంకర మూతి, కానీ మాట వంకర లేకుండా వచ్చింది. ఎడమ చెయ్యి బండి వైపు చాపి ఉంది.

త్రినాథరావు నూకరాజు వైపు చూశాడు, వద్దని చెప్పమన్నట్టు. నూకరాజు విశ్వకర్మ వైపు చూశాడు.

"ఇనపడనేదేటి త్రినాథా?" అంది మంగాయమ్మ. "నర్సి అడుగుతంది."

జనం కదల్లేదు, వెళ్ళలేదు. బళ్ళు కదల్లేదు. త్రినాథరావు మళ్ళీ బండెక్కాడు. కొక్కెం తీశాడు, స్ట్రెచర్ని బయటికి ఈడ్చాడు. ఎరుపు టకటకా, నీలం టకటకా, రెండూ కలిసి వీధి మొహం మీద చరిచాయి. అతను దాన్ని మళ్ళీ ఎత్తి, తోసి, తగిలించాడు. ఆరిపోయింది. అతని మెడ మీంచి చెమట కారుతోంది. చేతులు వణుకుతున్నాయి, ఎత్తలేని బరువు ఎత్తే మనిషికి వణికినట్టు. ఆ వణుకు నూకరాజు ఏడాదిగా రోజూ చూస్తున్నదే, ఇంకొకరి చేతిలో.

అప్పలనర్సమ్మ అతను ఊపిరి తీసుకునేదాకా ఆగింది. రోజూ తన మొగుడు ఆగినట్టే, ఓపిగ్గా ఆగింది.

"ఇంకోపాలి" అంది.